పిల్లలు తగ్గిరా, బడి తగ్గినదా?

విద్యాపాలనమున ఈ నడుమ నొక క్రొత్త గణితము ప్రబలినది. బడికి పోయి తలలు లెక్కించుట; ఆ లెక్క యొక అంకెకు తక్కువయైనచో ఈ బడి గిట్టుబాటు కాదని వ్రాసికొనుట; పిమ్మట పంతులును మరియొక చోటికి మార్చి తలుపునకు తాళము వేయుట. ఇదియే యా గణితము. పట్టణములలో ఈ లెక్క కొంతవరకు చెల్లవచ్చును. వీథికొక పాఠశాల యున్నచోట ఒక బడి మూతపడినను పిల్లవానికి మరియొక గడప దొరకును. కాని తూర్పుకనుమల మీద, అరకులోయ చుట్టును, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు మండలముల కొండవాలులందు మరియొక గడప లేదు. అక్కడ బడి మూసిన చదువు మూసినట్లే. కావున పట్టణపు గణితమును కొండ కెక్కించువారిని మేము సూటిగా ప్రశ్నింపదలచితిమి. అయ్యా, పిల్లలు తగ్గినందున బడి తగ్గినదా? బడి తగ్గినందున పిల్లలు తగ్గిరా?

మన్యపు ఊరి స్వరూప మెరుగనివాడే ఈ లెక్కను మెచ్చును. మైదానపు గ్రామమువలె అది వేయి గడపల ఊరు కాదు. ఊటనీరు దొరకినచోట, పోడునకు అనువైన వాలు దొరకినచోట ఇరువది ముప్పది కుటుంబములు చేరి, వలస యనియు, పుట్టు అనియు, గుడ యనియు పేరు పెట్టుకొని కాపురముండును. అట్టి ఊర బడియీడు పిల్లలు పదునైదుగురో, ఇరువదిమందియో యుందురు. ఇది క్షీణత గాదు, కొండ స్వభావము. పదునైదుగురు పిల్లలున్న ఊర పదునైదుగురును బడికి వచ్చిరేని ఆ బడి నిండినట్లే. అది చిన్నదని తీసివేయు అధికారి కొండను మైదానపు మూరకోలతో కొలుచుచున్నాడు.

ఇక దూరపు లెక్క. 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ననుసరించి మన రాష్ట్రమున చేసిన నిబంధనలు, ప్రాథమిక పాఠశాల బిడ్డ యింటికి ఒక కిలోమీటరు లోపల నుండవలెనని విధించినవి. 2022 జూనులో వెలువడిన 117వ ఉత్తరువు, 3, 4, 5 తరగతుల పిల్లలను ఒక కిలోమీటరు లోపలి పెద్ద బడులకు తరలించు విధానమును రాష్ట్రమున తెచ్చినది. 2025లో ఆ యుత్తరువు రద్దయినది. రద్దయినందుకు సంతోషమే. కాని ఉత్తరువు పోయినంత మాత్రమున దాని గణితము పోలేదు. పంతుళ్లను పంచుటకు పిల్లల సంఖ్యయే నేటికిని ముఖ్యమైన కొలమానముగా నిలిచియున్నది. కాగితము మీద కిలోమీటరు ఒక చిన్న గీత. కొండలో ఆ గీత నడుమ గెడ్డ యుండును, అడవి యుండును, నిట్టనిలువు దారి యుండును. రోగిని డోలీలో మోసికొనిపోవు పెద్దవారికే కాలుజారు దారిలో, వానకాలపు గెడ్డ పొంగిన నాడు, ఆరేండ్ల పిల్ల పలక పట్టుకొని యెట్లు దాటవలెనో ఆ గీత గీచినవారు చెప్పుదురు గాక.

సంఖ్య తగ్గుట నిజము కాదా యని వారడుగుదురు. కొన్ని ఊళ్ల నిజమే. ఏల తగ్గినదో కూడ చెప్పుడని మేమడుగుచున్నాము. ఒక్క పంతులే యున్న బడిలో ఆ యొక్కడు సమావేశమునకు పోయిననాడు బడి లేదు. జ్వరము వచ్చిననాడు లేదు. జీతపు పనిమీద పాడేరు పోయిననాడు లేదు. ఆన్‌లైను లెక్కలు పంపుటకు సంకేతము వెదకికొనుచు కొండమీదికి పోయిననాడును లేదు. మైదానమున కాపురముండి, సంతనాటికి వచ్చి సంతకము చేసి పోవు పంతులు దాపురించిన ఊర బడి పేరునకే యుండును. మూడు దినములు వచ్చి తాళము చూచి తిరిగిపోయిన పిల్లవాడు నాలుగవ దినమున మేకల వెంట పోవును. తల్లిదండ్రులు కొంత కలిగినవారైనచో దూరపు వసతిగృహమునకు పంపుదురు. ఏడాది తిరుగునప్పటికి హాజరుపట్టీలో పేర్లు సగమగును. అప్పుడు అధికారి వచ్చి లెక్కించి బడికి పిల్లలు లేరని తేల్చును. కుక్కకు పిచ్చి యని పేరు పెట్టి చంపుట యన నిదియే.

చట్టమేమనుచున్నదో చూడుడు. విద్యాహక్కు చట్టపు అనుబంధమున, అరువదిమంది పిల్లల వరకు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని యున్నది. అరువదిమందికి ఇద్దరు, పదిమందికి ఒకడు అని అందులో లేదు. పదిమంది యున్నను ఇద్దరే. ఇది చట్టము. దేశమందంతటను 2016-17లో ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,08,017 కలవని 2020 నాటి జాతీయ విద్యావిధానపత్రమే ఒప్పుకొన్నది. అనగా చట్టము వచ్చి ఆరేడేండ్లు గడచిన పిమ్మటను లక్షకు మించిన బడులలో ఆ చట్టము చెప్పిన రెండవ కుర్చీ ఖాళీగానే యున్నది. ఖాళీ కుర్చీని నింపుట మాని, ఉన్న కుర్చీని గూడ తీసివేయుట పొదుపని పిలుచుచున్నారు!

అయితే రెండు కుర్చీలు నిండినంత మాత్రమున బడి నిండదు. పిల్లవానికిని పంతులునకును నడుమ మాట యుండవలెను. అరకు ప్రాంతపు కొండలలో ఖోందుల బిడ్డ యింట పలుకునది కువి. కొటియావారి యింట ఆదివాసీ ఒడియా. కొండదొరలలో కొండభాష నేటికిని పలుకువారు కలరు. గదబ, పోర్జ తెగలకు వేరు భాషలున్నవి. ఆ బిడ్డ ఆరవయేట బడిలో కాలు పెట్టగనే తెలుగు వినబడును. 2020-21 నుండి పాఠ్యపుస్తకమున ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. రెండును ఆ బిడ్డకు పరభాషలే. తెలుగు పిల్లవానికి మొదటి తరగతి పాఠమును తమిళమున చెప్పినచో మనము వీథి కెక్కుదుము; ఆంధ్రోద్యమమే పుట్టినది మన భాష మనకు కావలెననియే గదా. కువి పలుకు బిడ్డకు మనమదే యన్యాయము చేసి, వాడు నోరు విప్పనందుకు మొద్దని పేరు పెట్టుచున్నాము. మొద్దు వాడా, మనమా?

ఈ మాట మేము క్రొత్తగా చెప్పుట లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణమును చేర్చిరి. సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో నుండవలెనని విద్యాహక్కు చట్టపు 29వ విభాగము పలుకుచున్నది. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా యను ఎనిమిది భాషలలో వాచకములు సిద్ధపరచి బహుభాషా విద్యను ఆరంభించిరి. పని చక్కగా మొదలైనది. కాని ఆ వాచకము చేతబట్టి చెప్పగలవానిని స్థిరమైన యుద్యోగమున నిలుపలేదు. స్వల్పమైన గౌరవవేతనముపై, వచ్చే యేడు ఉంచుదురో తీసివేయుదురో తెలియని స్వచ్ఛంద కార్యకర్తల మీద ఆ భారమును వదలిరి. పుస్తకము అచ్చు వేయించి బోధించువానిని నిలుపకుండుట, విత్తనము కొని దుక్కి మానుట వంటిది.

గిడుగు రామమూర్తి పంతులుగారిని మనము ఏటేట ఆగస్టు 29వ తేదీన తలచుకొని పూలమాలలు వేయుచున్నాము. వ్యావహారికమునకై ఆయన చేసిన వాదమును అందరును ఎరుగుదురు. అంతకన్న ముందు ఆయన చేసిన పనిని ఎందరు తలచుదురు? పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, కొండదిగి వచ్చు సవరల మాట విని, వారికి చదువు చెప్పవలెనన్నచో వారి భాషలోనే చెప్పవలెనని గ్రహించి, ముందు తానే విద్యార్థియై సవర నేర్చెను. సవరలో వాచకములు కూర్చెను. స్వంత ధనముతో సవర పిల్లలకు బడులు పెట్టెను. మన్యపు జ్వరమునకు తిన్న క్వినైనాచే చెవుడు తెచ్చుకొనెను. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును లోకమునకిచ్చెను. ఆయన సవర కాడు. సవరల నడుమ పుట్టలేదు. అయినను సవర బిడ్డకు గురువాయెను. ఏలయన, గురువు శిష్యుని భాష నేర్చెను. మన వాదమంతయు ఈ యొక్క ఉదాహరణమున నిమిడియున్నది.

ఇచ్చట 3వ నంబరు ఉత్తరువు కథ చెప్పక తప్పదు. షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని ప్రభుత్వమువారు 2000 జనవరి 10వ తేదీన ఆ యుత్తరువును వెలువరించిరి. బడికి రాని పంతుళ్ల పీడ వదలుటకే అది పుట్టినది. దానివలన వేలకొలది గిరిజన యువకులు ఉపాధ్యాయులైరి. 2020 ఏప్రిల్ 22వ తేదీన సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నూటికి నూరు వంతుల ప్రత్యేకింపు రాజ్యాంగవిరుద్ధమని దానిని కొట్టివేసి, రెండు తెలుగు రాష్ట్రములపై అయిదు లక్షల రూపాయల ఖర్చులు విధించినది. గిరిజనులకు గిరిజనులే బోధింపవలెననుట గర్హింపదగిన భావమని గూడ పలికినది. అది మొదలు మన్యమున ప్రత్యేక నియామకములకై ఆందోళనము సాగుచునే యున్నది.

న్యాయస్థానముపై మాకు గౌరవము కలదు. ఆ పలుకుతో మాకు సమ్మతి లేదు. ప్రశ్న పంతులు తెగ యేదని కాదు. పంతులు నోట నున్న భాష యేదని, పంతులు రాత్రి నిద్రించు ఊరేదని. నూటికి నూరు కూడదని తీర్పు చెప్పినది. బిడ్డ భాష తెలియనివానిని బిడ్డకు గురువుగా పంపుడని అది చెప్పలేదు. తెలుగు రానివానిని తెలుగు పంతులుగా నియమింపమే. అది పక్షపాతమని యెవ్వరును అనరు. కువి బడికి కువి వచ్చినవాడు కావలెననుట మాత్రము పక్షపాతమెట్లగును? భాషాజ్ఞానమును అర్హతగా నిర్ణయించి, పరీక్ష పెట్టి, ఆ పరీక్షలో నెగ్గిన వారెవ్వరైనను రండనుడు. గిడుగువారివలె నేర్చుకొని వచ్చు మైదానపువాడున్నచో చేతులు జోడించి స్వాగతమిత్తుము. ఆ పరీక్షలో నూటికి తొంబది మంది కొండబిడ్డలే నెగ్గినచో అది వారి విద్వత్తే గాని దయాధర్మము కాదు. ఈ మార్గమును గిరిజన సలహామండలి ముందు పెట్టి చట్టసభలో చట్టము చేయుటకు ఇన్నేండ్లు కావలెనా?

ఇప్పుడు ఎదిరిపక్షము వారి వాదములను చూతము. ఆశ్రమ పాఠశాలలును, గురుకులములును, ఏకలవ్య విద్యాలయములును ఉన్నవి గదా. చిన్న బడులేల యని మొదటి వాదము. పెద్ద తరగతులకు అవి కావలెను. వానివలన ఎందరో గిరిజన బిడ్డలు వైద్యులును, ఇంజనీర్లును, అధికారులును అయిరి. ఆ సంస్థలను మేము తక్కువచేయము. కాని ఆరేండ్ల బిడ్డకు కావలసినది తల్లి కంచము, ఇంటి పక్క బడి. ఆ వయస్సుననే బిడ్డను తల్లినుండి విడదీసి వందలమంది నడుమ పడుకొనబెట్టుట విద్యాదానము గాదు. పెద్ద వసతిగృహములలో నీరు చెడిన, పారిశుద్ధ్యము చెడిన ఫలమెట్టిదో 2025 అక్టోబరు ప్రాంతమున చూచితిమి. కురుపాములోని గిరిజన బాలికల వసతి విద్యాలయమున పచ్చకామెర్లు వ్యాపించి పెక్కుమంది ఆసుపత్రి పాలైరి. ఇద్దరు బాలికలు మరణించిరి. తల్లిదండ్రులే కోరి పంపుచున్నారందురా? ఊర బడి మూసి, కోరి పంపిరనుట ధర్మమా?

పదునైదుగురికి ఇద్దరు పంతుళ్లనిన ఖర్చెక్కువ యని రెండవ వాదము. ఈ కొండల విషయమున ఖర్చు మాట యెప్పుడు వచ్చునో గమనింపుడు. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై 1960 దశకమున కొత్తవలస-కిరండోలు రైలుదారి వేసినప్పుడు, ఈ కొండల కడుపు చీల్చి 58 సొరంగములు త్రవ్విరి, ఖర్చని వెనుదీయలేదు. అరకు కాఫీ పేరున 2017లో పారిసు నగరమున అంగడి వెలసినది. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఖనిజము దిగుటకు దారి దొరకినది. కాఫీగింజ సముద్రములు దాటుటకు దారి దొరకినది. ఆ కాఫీ కోయు తల్లి బిడ్డకు రెండవ పంతులు కొండ యెక్కివచ్చుటకు మాత్రము దారి దొరకలేదు!

చిన్న బడిలో అయిదు తరగతులను ఇద్దరు చెప్పలేరని మూడవ వాదము. ఇందులో కొంత సత్యము కలదు. కావుననే జవాబు గూడ చెప్పవలసియున్నది. మదనపల్లె చెంత రిషీవ్యాలీవారు చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు పెట్టి, పాఠములను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్క గదిలో వేరువేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు వారెక్కునట్లు బోధనాపద్ధతిని తీర్చిదిద్దిరి. ఆ పద్ధతి నాధారముగా గొని పొరుగు తమిళనాడును, కర్ణాటకమును తమ ప్రభుత్వ పాఠశాలలలో మార్పులు తెచ్చుకొనినవి. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశము 1970 దశకము నుండి కొండపల్లెల చిన్న బడులను ఇట్టి పద్ధతిచేతనే నిలుపుకొనినది. మన యింటి చెంత పుట్టిన విద్యను పరులు వాడుకొనుచుండగా, పెరటిచెట్టు మందునకు రాదని మనము కూర్చున్నాము. కొండకు ఆవల ఒడిశావారు 2007లో పది గిరిజన భాషలతో మొదలుపెట్టి ఇరువదియొక్క భాషలకు తమ బహుభాషా విద్యను పెంచిరి. మన మన్యమునందే 1990 దశకమున 'మాబడి' యను పేర, ఊరివారే పాక వేసి, ఊరి యువకుడే పంతులై నడపిన బడులుండెను. ఆ పేరులోనే సర్వస్వమున్నది. మా బడి. వారి బడి కాదు.

స్వరాజ్యము చేసిన బాసను తలపునకు తెచ్చుకొందము. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణాపై దాడితో ఆరంభమై, 1924 మేలో సీతారామరాజు వధతో నేలకొరిగిన మన్యపు పోరాటము, అడవిపై హక్కునకును వెట్టినుండి విముక్తికిని సాగినది. ఆ త్యాగముల మీద నిలిచిన రాజ్యాంగము 1950లో, పదేండ్లలో పదునాలుగేండ్ల లోపు బిడ్డలందరకు ఉచిత నిర్బంధ విద్య నిచ్చుటకు యత్నింతునని 45వ అధికరణమున పలికినది. గడువు 1960. మరుసటి యేటి జనగణనమున మన రాష్ట్రపు గిరిజనులలో అక్షరాస్యులు నూటికి 4.41. 2001లో 37.04. 2011లో ఉమ్మడి రాష్ట్రమున 49.21; నాటి రాష్ట్ర సామాన్య ప్రమాణము 67. ఏబదియొక్క యేండ్లలో సగము దారి కూడ పూర్తిగా నడువలేదు. 2022లో ఆ వీరుని పేర పాడేరు కేంద్రముగా జిల్లా వెలసినది. పేరు పెట్టితిమి, సంతోషము. ఆ పేరు గల జిల్లాలో ఒక్క చిన్న బడికి తాళము పడినను ఆ పేరునకు మనము తలవంపు తెచ్చినట్లే.

మేము కోరునవి నాలుగే. షెడ్యూల్డు ప్రాంతములలో పిల్లల సంఖ్యను కారణముగా చూపి ఏ ప్రాథమిక పాఠశాలను మూయరాదు, కలుపరాదు. దూరమును కిలోమీటర్లతో గాక చిన్నబిడ్డ నడక సమయముతో కొలువవలెను. ప్రతి బడికి చట్టము చెప్పిన ఇద్దరు పంతుళ్లు ఉండవలెను. ఇద్దరిలో ఒకరైనను బిడ్డల భాష పలుకువారు కావలెను. ఆ భాషాజ్ఞానమును చట్టము ద్వారా అర్హతగా నిర్ణయింపవలెను. పంతులు ఊరనే నివసించుటకు ఇల్లు కట్టి యిచ్చి, ఆ పిమ్మటనే హాజరు విషయమున కఠినముగా నుండవలెను. మాతృభాషా కార్యకర్తలను స్థిరమైన యుద్యోగులను చేసి, పాత వాచకములను బీరువాలనుండి బయటికి తీయవలెను. వీనిలో ఒక్కటియు అసాధ్యము కాదు. ఒక్కటియు చట్టవిరుద్ధము కాదు.

గ్రంథాలయములలో కూర్చుండి ఈ పత్రికను చదువు పట్టణవాసులకు మా తుది మనవి. మీలో పెక్కుమంది మార్గశిర పుష్యములందు రైలెక్కి అరకులోయకు పోవుదురు. మంచు చూతురు, వలిసెపూల పసుపు చూతురు, బొర్రా గుహలు చూతురు, థింసా నృత్యము చూచి చప్పట్లు కొట్టుదురు. ఈ మారు పోయినప్పుడు బాట వీడి ఒక్క ఊరి లోనికి పోయి బడి యెక్కడనని అడుగుడు. పంతులు పేరడుగుడు. పిల్లవాడు ఏ భాషలో జవాబు చెప్పునో వినుడు. తాళము కనబడినచో తిరిగివచ్చి మీ శాసనసభ్యునకు జాబు వ్రాయుడు. మీ పఠనమందిరమున సభ చేసి తీర్మానము పంపుడు. కొండవారి బడి కొండవారి గోడు మాత్రమే యని మిన్నకుంటిమేని, తలలు లెక్కించి తాళము వేయు ఈ గణితము రేపు కొండ దిగి మన వీథి బడికిని వచ్చును. దానిని ఆ కొండమీదనే నిలువరించుట న్యాయమును, మనకు క్షేమమును.